తెగిన ధమని, దక్కాల్సిన కాలు: రక్తనాళ గాయాల శస్త్రచికిత్సపై ఒక సమీక్ష

తెగిన ధమని కొసలు రెండింటినీ కలిపి కుట్టి, రక్తం మళ్లీ పారేలా చేసే విద్య సర్జన్ల చేతికొచ్చి 120 ఏళ్లు దాటింది. ఆ పనికి నోబెల్ బహుమతి వచ్చి కూడా శతాబ్దం గడిచింది. అయినా బైకు ప్రమాదంలో మోకాలు నలిగిన కుర్రాడి కాలు తీసేయాల్సి రావడం ఇప్పటికీ ఆగలేదు. కుట్టడం వచ్చినా కాలు ఎందుకు పోతోందని అడిగితే ఎముకల డాక్టరు ఒకటి చెబుతారు, రక్తనాళాల సర్జన్ ఇంకొకటి చెబుతారు, క్యాజువాలిటీలో డ్యూటీ చేసేవారు మూడోది చెబుతారు. ముందు ఎముక బిగించాలా, ధమని కుట్టాలా? సిరను కూడా బాగు చేయాలా? కాలు నిలబెట్టడానికి ఎంతవరకు పోరాడాలి? కోసి కుట్టాలా, లోపలి నుంచి తీగతో స్టెంట్ వేయాలా? ఈ వాదాలన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి.

ఇక్కడ చర్చ ప్రధానంగా కాళ్ల ధమనుల గురించే. ఛాతీలోని బృహద్ధమని ఒక్క చోట వస్తుంది, చికిత్స అన్నిటికన్నా ఎక్కువగా మారింది అక్కడే కాబట్టి. నా అభిప్రాయం ముందే చెబుతాను. కాలు దక్కడం, దక్కకపోవడం కుట్టు నైపుణ్యం కన్నా రెండు విషయాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. రక్తం ఆగిన క్షణం నుంచి మళ్లీ పారేదాకా ఎంతసేపు పట్టింది? మొదటి ఆస్పత్రిలో ఎవరైనా పాదం మీద వేలు పెట్టి నాడి చూశారా?

ముడి వేయడం నుంచి కుట్టడం దాకా

1552లో డాంవిల్యే ముట్టడిలో ఫ్రెంచి సర్జన్ ఆంబ్రోజ్ పారే, కాలు తీసేశాక రక్తం ఆపడానికి ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టే పద్ధతిని వదిలి ధమనిని దారంతో ముడి వేశాడు. అప్పట్లో ఆశ ప్రాణం మీదే, అవయవం మీద కాదు. 1759లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో హాలోవెల్ అనే సర్జన్ వేరే దారి పట్టాడు. వైద్యం పేరుతో రక్తం తీస్తుండగా ఒకరికి మోచేతి దగ్గర ధమని తెగింది. గాయం అంచుల గుండా చిన్న పిన్ను గుచ్చి, దాని చుట్టూ దారం చుట్టి మూశాడు. ఈ ఉపాయం అతని మిత్రుడు లాంబర్ట్ చెప్పింది. మణికట్టు దగ్గర నాడి నిలిచింది. తర్వాత జంతువుల మీద చేసిన ప్రయోగాలు విఫలం కావడంతో ఆ ఆలోచనను నూరేళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు.

1896లో షికాగోలో జె.బి.మర్ఫీ, తుపాకీ గుండు తగిలిన తొడ ధమనిని కొసకు కొస కలిపి కుట్టాడు. 1902లో అలెక్సిస్ కారెల్ ఈ పనికి ఒక పద్ధతి ఏర్పరిచాడు. లియోన్‌లో ఎంబ్రాయిడరీ చేసే ఒకావిడ దగ్గర సన్న సూది పని నేర్చుకున్న మనిషి అతను. గుండ్రని గొట్టం అంచు మీద మూడు చోట్ల దారాలు వేసి లాగితే అది త్రికోణమవుతుంది. అప్పుడు ఒక్కో భుజాన్నీ తిన్నగా కుట్టేయొచ్చు, ఎదుటి గోడ సూదికి చిక్కదు. ఈ కృషికే 1912లో నోబెల్ వచ్చింది. ఈలోగా 1906లో స్పెయిన్‌లో గొయానెస్, 1907లో జర్మనీలో లెక్సర్, ధమనిలో పోయిన ముక్క స్థానంలో సిరను వాడి చూపించారు. అంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటికే కావలసిన సాధనాలన్నీ సిద్ధం. యుద్ధంలో మాత్రం సర్జన్లు ధమనిని ముడి వేయడానికే మొగ్గారు. బురదలో కుళ్లిన గాయాలు, యాంటీబయాటిక్స్ లేని కాలం, గంటల తరబడి స్ట్రెచర్ మీద ప్రయాణం: ఈ పరిస్థితుల్లో కుట్టు నిలిచేది కాదు. బాల్కన్ యుద్ధాల్లో సెర్బియా సర్జన్ సుబోతిచ్ ధమనులు కుట్టి మంచి ఫలితాలు ప్రచురించినా దారి మారలేదు.

యుద్ధాలు ఇచ్చిన లెక్కలు, వాటిని చదివే రెండు తీర్లు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికుల ధమని గాయాలు 2,471 అని 1946లో డెబేకీ, సిమియోన్ లెక్క తేల్చారు. అందులో కుట్టినవి 81 మాత్రమే. ముడి వేసిన వాళ్లలో దాదాపు సగం మందికి అవయవం తీసేయాల్సి వచ్చింది. కుట్టిన వాళ్లలో ఆ సంఖ్య 36 శాతం. మోకాలి వెనక ధమని తెగితే 72.5 శాతం కాళ్లు పోయాయి. ముడి వేయడం ఇష్టంతో చేసిన ఎంపిక కాదని, పరిస్థితి బలవంతమని ఆ రచయితలే రాశారు. గాయపడినవాడు సర్జన్ దగ్గరికి చేరేసరికి సగటున పది గంటలు దాటేది.

కొరియా యుద్ధంలో చిత్రం తారుమారైంది. హ్యూస్ ప్రచురించిన 304 గాయాల్లో 269 కుట్టారు. వారిలో 13 శాతానికే అవయవ నష్టం. ముడి వేసిన 35 మందిలో 51 శాతానికి పైగా.

ఈ అంకెలను ఇప్పటికీ రెండు రకాలుగా చదువుతారు. ఒక వర్గం దీన్ని కుట్టు సాధించిన విజయంగా చూస్తుంది. రెండో వర్గం హెలికాప్టర్లు, యుద్ధరంగానికి దగ్గరలో పెట్టిన సంచార ఆస్పత్రులు, రక్తం ఎక్కించే ఏర్పాటు, పెన్సిలిన్ లేకుంటే ఆ కుట్టు ఎందుకూ కొరగాదని అంటుంది. వియత్నాం లెక్కలు రెండో వర్గానికి కొంత బలమిస్తూనే చిక్కు పెడతాయి. 1966లో వాల్టర్ రీడ్ ఆస్పత్రిలో నార్మన్ రిచ్ మొదలుపెట్టిన రిజిస్ట్రీ 1970లో వెయ్యి ధమని గాయాల ఫలితాలు ఇచ్చింది. తరలింపు ఇంకా వేగం పెరిగినా అవయవ నష్టం మళ్లీ 13 శాతం దగ్గరే ఆగింది. మోకాలి వెనక ధమనికైతే కొరియాలో 32, వియత్నాంలో 29.5. తుపాకుల వేగం పెరిగి కండ, ఎముక కలిపి ఛిద్రం కావడమే కారణమని రిచ్ బృందం భావించింది. సబబైన వివరణే. ఒక మెట్టు దాటాక ఫలితం సర్జన్ చేతుల కన్నా దెబ్బ తీవ్రత మీద ఎక్కువగా ఆధారపడుతుందని దీన్నుంచి తెలుస్తోంది.

నాడి ఉందంటే ధమని బాగున్నట్టేనా?

రక్తం చిమ్ముతున్నా, వాపు క్షణక్షణం పెరుగుతున్నా, కింద నాడి అందకపోయినా, కాలు చల్లబడి పాలిపోయినా, చేతికి జలదరింపు తగిలినా నేరుగా ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లాలన్నది అన్ని వర్గాలూ ఒప్పుకున్న మాట. చిక్కంతా మిగతా కేసుల్లో. మోకాలి కీలు పూర్తిగా జారిపోయి మళ్లీ చోటుకొచ్చిందనుకోండి. ధమని బయటి పొర చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపలి పొర మాత్రం చిరిగి ఉంటుంది. మొదట నాడి బాగానే అందుతుంది. ఆ చిరుగు మీద రక్తం గడ్డకట్టడం మొదలై, కొన్ని గంటల తర్వాత ధమని మూసుకుపోతుంది. అప్పటికి కాలికి స్లాబ్ వేసి, పైన బ్యాండేజీ చుట్టి ఉంటారు. నొప్పి అని రోగి మొత్తుకుంటే ఎముక నొప్పే అనుకుంటారు.

ఒకప్పుడు ఇలాంటి ప్రతి మోకాలికీ యాంజియోగ్రామ్ తీయాలన్న వాదం బలంగా ఉండేది. తర్వాత ఎంచి తీయాలన్న వాదం గెలిచింది. చీలమండ దగ్గర బీపీని డాప్లర్‌తో కొలిచి, చేతి బీపీతో భాగిస్తారు. 0.9 కన్నా తక్కువైతే సి.టి. యాంజియోగ్రామ్ తీయాలి. ఎక్కువైతే గంట గంటకూ చూస్తూ ఉంటే చాలు. అమెరికాలో ట్రామా సర్జన్ల సంఘాలు ఇదే సూచిస్తున్నాయి. ఈ పద్ధతి నాకు నచ్చడానికి కారణం, దానికి కావలసింది చేతిలో ఇమిడే చిన్న డాప్లర్, ఒక బీపీ పట్టీ మాత్రమే. ఏ ఏరియా ఆస్పత్రిలోనైనా చేయొచ్చు. ఒక్క షరతు ఉంది. గంట గంటకూ చూడటం అంటే నిజంగా చూడాలి, చూసిన వేళ కేసు షీట్ మీద రాయాలి.

ఆరు గంటల గీత

1949లో మిల్లర్, వెల్చ్ కుక్కల మీద చేసిన ప్రయోగంలో ఆరు గంటల్లోపు రక్తప్రసారం తిరిగొస్తే 90 శాతం కాళ్లు బతికాయి. 12 నుంచి 18 గంటలైతే సగం, 24 గంటలైతే 20 శాతం. ఆరు గంటల సూత్రం ఇక్కడి నుంచే పాతుకుపోయింది. 2015లో వచ్చిన ఒక పెద్ద మెటా విశ్లేషణ మనుషుల కాళ్ల గాయాలను పోల్చి చూసింది. ఆరు గంటలు దాటిన వారిలో కాలు పోయింది 24 శాతానికి, దాటని వారిలో 5 శాతానికి. కత్తి, గుండు లాంటి దూసుకుపోయే గాయాల్లో 5 శాతం, రోడ్డు ప్రమాదాల్లాంటి మొద్దు దెబ్బల్లో 16 శాతం.

అయితే ఆరు అనేది హద్దు రాయి కాదు. పక్కదారి ధమనులు కొంత రక్తం అందిస్తే ఎక్కువ సేపు ఆగుతుంది. రోగి షాక్‌లో ఉన్నా, కండ నలిగినా, మూడు గంటలకే నరాలు దెబ్బతినొచ్చు. ఆరు దాటిపోయింది కదా అని చేతులెత్తేయడం, ఇంకా నాలుగే అయింది కదా అని నింపాదిగా ఎక్స్‌రేలు తీయడం రెండూ తప్పే.

రక్తం ఆగేలా బిగించి కట్టే పట్టీ, టూర్నికే మీద భయం కూడా ఈ గడియారం నుంచే పుట్టింది. కడితే కాలు చచ్చిపోతుందన్న నమ్మకంతో దశాబ్దాల పాటు దాన్ని దూరం పెట్టారు. ఇరాక్ యుద్ధం ఆ నమ్మకాన్ని తిరగేసింది. బాగ్దాద్‌లో క్రా బృందం నమోదు చేసిన కేసుల్లో, షాక్ రాకముందే టూర్నికే కట్టినవారిలో 90 శాతం బతికారు. షాక్ వచ్చాక కట్టినవారిలో 10 శాతమే. అయితే ఇది చిమ్మే రక్తాన్ని ఆపడానికి వెడల్పాటి పట్టీతో, వేళ రాసి పెట్టి కట్టేది. రక్తం కారని విరిగిన కాలికి తాడో, బిగుతైన నాటు కట్టో వేయడం దీనికి పూర్తిగా విరుద్ధం. అది వాచే కండకు ఊపిరాడనివ్వదు.

ఎముక ముందా, ధమని ముందా?

ఆర్థోపెడిక్ వర్గం వాదన ఇది: ఎముక కదులుతూ ఉంటే కుట్టిన ధమని లాగుకుపోతుంది, సుత్తి దెబ్బలకు కుట్టు తెగుతుంది, కాబట్టి ముందు ఎముక. వాస్క్యులర్ వర్గం వాదన: ఎముక ఆగగలదు, కండ ఆగలేదు. రెండూ నిజమే కావడం వల్లే ఈ తగువు ఇన్నాళ్లు నడిచింది. దీన్ని చాలావరకు తీర్చింది ఒక ప్లాస్టిక్ గొట్టం. 1971లో ఇజ్రాయెల్ సర్జన్ ఎగర్ బృందం తెగిన కొసల మధ్య తాత్కాలికంగా షంట్ పెట్టి, కాలికి రక్తం పారుతుండగా ఎముక బిగించి, ఆ తర్వాత తీరిగ్గా ధమని బాగు చేసే పద్ధతిని వివరించింది. ఇరాక్‌లో 2006 నాటి నివేదికలో తొడ భాగపు పెద్ద ధమనుల్లో పెట్టిన షంట్లు 86 శాతం మూసుకుపోకుండా నిలిచాయి. పిక్క కింది సన్న ధమనుల్లో 12 శాతమే నిలిచాయి. అంటే పైన షంట్, కింద అయితే నేరుగా బాగుచేయడం.

షంట్ విలువ మన దగ్గర ఇంకో కోణంలో కనిపిస్తుంది. జిల్లా ఆస్పత్రిలో జనరల్ సర్జన్ ధమని కుట్టలేకపోయినా షంట్ పెట్టి, ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ వేసి పెద్దాస్పత్రికి పంపగలరు. అప్పుడు రక్తం పారుతున్న కాలితో అంబులెన్స్ ప్రయాణం సాగుతుంది. ఇది ఇంకా మన దగ్గర అలవాటుగా మారాల్సిన సంగతి.

ఈ ఆపరేషన్ దగ్గర నుంచి చూస్తే ఎక్కడ సమయం పోతుందో అర్థమవుతుంది. మొదట గాయానికి పైనా కిందా చెక్కుచెదరని చోట ధమనిని పట్టుకోవాలి. గాయంలోకి నేరుగా వెళితే రక్తంలో ఏమీ కనిపించదు. తర్వాత నలిగిన కొసలను కత్తిరిస్తూ పోవాలి, లోపలి పొర నున్నగా తెల్లగా కనిపించేదాకా. పైకి బాగానే ఉన్న చోట కూడా లోపల చిరుగు ఉండొచ్చు. ఇక్కడ పిసినారితనం చూపితే మర్నాటికి గడ్డ కడుతుంది. ఆ తర్వాత 1963లో ఫోగార్టీ పరిచయం చేసిన బెలూన్ క్యాథెటర్‌ను కిందికి దింపి, బెలూన్ ఉబ్బించి వెనక్కి లాగితే గడ్డలు బయటికొస్తాయి. కింది నుంచి రక్తం వెనక్కి ఉబికితే దారి తెరుచుకున్నట్టు. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపిన సెలైన్ ఎక్కించి, దెబ్బ తగలని రెండో కాలి నుంచి సిర తీసి, దాన్ని తలకిందులు చేసి అతుకుతారు. సిరలో కవాటాలు ఒకే వైపు తెరుచుకుంటాయి కాబట్టి తిప్పకపోతే రక్తం పోదు. దెబ్బ తిన్న కాలి సిరనే తీస్తే ఆ కాలి నుంచి రక్తం వెనక్కి వెళ్లే దారి ఇంకొకటి పోతుంది. కృత్రిమ గొట్టం తొందరగా దొరుకుతుంది, కానీ మట్టి చేరిన గాయంలో చీము పట్టే భయం ఎక్కువ. అందుకే సిరకే మొగ్గు.

సిర, పిక్క

ధమనితో పాటు పెద్ద సిర తెగితే ఏం చేయాలన్న విషయంలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి సర్జన్ మేకిన్స్ సిరను కూడా ముడి వేయమన్నాడు. వియత్నాం అనుభవంతో రిచ్ సిరను బాగు చేయాలన్నాడు, ముఖ్యంగా మోకాలి వెనక. పౌర ఆస్పత్రుల లెక్కలు ఇంకా ఒక్క మాట మీద లేవు. రోగి నిలకడగా ఉంటే బాగు చేయడం, ప్రాణం మీదికొస్తే ముడి వేయడం అన్నదే ఇప్పటి ఆచరణ.

ఫాసియాటమీ మీద మాత్రం నాకు అంత సందిగ్ధం లేదు. పిక్కలోని కండలు నాలుగు గదుల్లో, సాగని పొరల మధ్య బంధించి ఉంటాయి. రక్తం తిరిగి పారగానే కండ వాస్తుంది. ఒత్తిడి పెరిగి సన్న నాళాలు మూసుకుపోతాయి. ధమని చక్కగా పారుతూ ఉంటుంది, కండ చచ్చిపోతూ ఉంటుంది. రెండు పక్కలా పొడవుగా కోసి నాలుగు గదులూ తెరవాలి, ఫాసియాటమీ అంటే అదే. ముందుగానే అందరికీ కోస్తే మచ్చలు, చీము, స్కిన్ గ్రాఫ్టింగ్ అని ఒక వర్గం అభ్యంతరం. కనిపెట్టి ఉంటే చాలంటారు. రాత్రి వేళ వార్డులో అనుభవం ఉన్నవారు కనిపెట్టి ఉండగలిగితే ఆ మాట నిలుస్తుంది. ఆలస్యంగా వచ్చిన కాలికి, మోకాలి వెనక ధమనికి, ముందే తెరవడం మేలు.

నిలబెట్టాలా, తీసేయాలా?

1990లో ప్రతిపాదించిన మెస్ స్కోర్ దెబ్బ తీవ్రత, రక్తప్రసార లోపం, షాక్, వయసులకు మార్కులు వేస్తుంది. ఆరు గంటలు దాటితే రక్తప్రసారం మార్కులు రెట్టింపు. ఏడు, ఆపైన వస్తే కాలు తీసేయొచ్చన్నారు. తర్వాత అమెరికాలో 8 ట్రామా సెంటర్లలో జరిగిన లీప్ అధ్యయనం ఇలాంటి స్కోర్లు నమ్మదగ్గవి కావని తేల్చింది. ఎక్కువ స్కోర్ వచ్చిన కాళ్లు కూడా ఎన్నో దక్కాయి. మొదట స్పర్శ తెలియని పాదాలను నిలబెడితే, రెండేళ్లకు వాటిలో సగానికి పైగా మామూలు స్పర్శ వచ్చింది.

అదే అధ్యయనం 2002లో ఇంకో మాట చెప్పింది. రెండేళ్ల తర్వాత కాలు నిలిచినవారి జీవన సామర్థ్యం, కాలు తీసేసినవారి సామర్థ్యం దాదాపు సమానం. కాలు నిలబెట్టినవారిలో 47.6 శాతం మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది, తీసేసినవారిలో 33.9. దీన్ని పట్టుకుని తొందరగా తీసేయడమే మేలని వాదించేవారున్నారు. ఆ పోలిక మన దగ్గర అలాగే వర్తించదని నా నమ్మకం. అక్కడ తీసేసిన కాలికి మంచి కృత్రిమ కాలు, దాన్ని మార్చుకునే స్తోమత, నడక నేర్పే శిక్షణ ఉన్నాయి. వరి మడిలో దిగాల్సిన కూలీకి, కింద కూర్చుని పని చేసుకునే మనిషికి తన పాదం విలువ వేరు. అలాగని చచ్చిన కండను ఉంచి మూత్రపిండాలు పాడుచేసుకోవడమూ తగదు. నిర్ణయం ఇద్దరు సర్జన్లు కలిసి తీసుకుని, కుటుంబానికి ముందే చెప్పడం అవసరం.

తీగ దారి

1987లో ఖార్కివ్‌లో వొలొదోస్, దెబ్బ వల్ల ఛాతీ బృహద్ధమనిలో ఏర్పడిన ఉబ్బును లోపలి నుంచి స్టెంట్ గ్రాఫ్ట్‌తో మూశాడు. పాతికేళ్లలో ఆ గాయానికి అదే ప్రధాన చికిత్స అయింది. అమెరికాలో 1997 నాటి బహుళ ఆస్పత్రుల అధ్యయనంలో ఆపరేషన్లన్నీ ఛాతీ తెరిచి చేసినవే. 2008 నాటి అధ్యయనంలో 65 శాతం తీగ దారిలో. మరణాలు 22 నుంచి 13 శాతానికి, నడుం కింద చచ్చుబడటం 8.7 నుంచి 1.6 శాతానికి తగ్గాయి. బీపీ అదుపులో ఉంచి ఆపరేషన్ కాస్త ఆపడం కూడా ఇందుకు తోడ్పడింది.

మోకాలి వెనక సంగతి వేరు. రోజుకు వందలసార్లు ముడుచుకునే కీలు వెనక స్టెంట్ విరిగే ముప్పుంది, ఆ మనిషికి ఇంకా నలభై ఏళ్ల నడక మిగిలి ఉంటుంది. బృహద్ధమనిలో బెలూన్ ఉబ్బించి రక్తస్రావం ఆపే రెబోవా మీద పెట్టుకున్న ఆశ కూడా తగ్గింది. 2023లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో 90 మంది రోగులున్నారు. బెలూన్ వాడే వర్గంలో 90 రోజుల్లో మరణాలు 54 శాతం, మామూలు చికిత్సలో 42 శాతం. కొత్తదన్న ఒక్క కారణంతో ఏ సాధనాన్నీ భుజాన వేసుకోకూడదు.

తెలుగు నేల మీద

ఇక్కడి గాయాలు యుద్ధరంగం నుంచి రావు. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. కాలు పోయి బతికినవారు ఆ లెక్కలో లేరు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సర్వీసు మొదటి గంటను చాలావరకు కాపాడింది. తర్వాతి గంటలను కాపాడేవారు తక్కువ. అంబులెన్స్ దగ్గర్లోని ఆస్పత్రికి చేరుస్తుంది. అక్కడ ఎక్స్‌రే, స్లాబ్, ఇంజెక్షన్. రాత్రి గడిచాక పాదం నల్లబడితే పెద్దాస్పత్రికి రిఫరల్. వాస్క్యులర్ సర్జన్లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు. ప్రతి మండలానికీ వారిని పంపడం ఇప్పట్లో అయ్యే పని కాదు. మొదటి ఆస్పత్రిలో పాదం నాడి చూసి వేళ రాయడం, స్లాబ్ వేసినా కాలి వేళ్లు, పాదం పైభాగం కనబడేలా వదలడం, నాడి అందకపోతే ఎక్స్‌రే కోసం ఆగకుండా ఫోన్ చేయడం మాత్రం రేపటి నుంచే చేయొచ్చు.

డబ్బు సంగతి ఇంకా తేలలేదు. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం రోడ్డు ప్రమాద బాధితులకు 1.5 లక్షల రూపాయల దాకా, ఏడు రోజుల వరకు వర్తిస్తుంది. ధమని కుట్టడానికి, ఎముక తాత్కాలికంగా బిగించడానికి అది అందివస్తుంది. ఫాసియాటమీ గాయం మూసి స్కిన్ గ్రాఫ్ట్ వేయడం, ఎముకకు శాశ్వతంగా రాడ్ వేయడం, ఫిజియోథెరపీ చాలామందికి ఏడో రోజు దాటాకే మొదలవుతాయి. ఆ ఎనిమిదో రోజు ఖర్చు రాష్ట్ర ఆరోగ్య పథకాలు భరించాలా, కేంద్రమే గడువు పొడిగించాలా అన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్న.